మన ముంగిటి ప్రాచీన పట్టణములు
(యౌవనస్థుల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)

ఏలూరు, తాడేపల్లిగూడెము సంఘముల యౌవనస్థులతో కలిసి మేము ఇటీవల చేసిన ఒకనాటి యాత్రను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరారు.

ఇంగ్లండు వెళ్లి వచ్చిన మనవారు యార్క్, కాంటర్‌బరీ పట్టణముల ఫొటోలు చూపి మురిసిపోతారు. మురియదగినవే. క్రీ.శ. 627లో ఎడ్విన్ రాజు బాప్తిస్మము పొందుటకై యార్క్‌లో ఒక చిన్న కొయ్య దేవాలయము కట్టారు. నేడు లోకమంతా వెళ్లి చూచే అక్కడి మహాదేవాలయపు చరిత్ర ఆ కొయ్య గుడితోనే మొదలవుతుంది. సరిగా ఆ రోజులలోనే, క్రీ.శ. 624 ప్రాంతమున, మన వేంగి దేశములో కుబ్జ విష్ణువర్ధనుడు తూర్పు చాళుక్య వంశమునకు ఆద్యుడైనాడు. ఆ వేంగి ఏలూరుకు సుమారు 12 కిలోమీటర్ల దూరముననున్న పెదవేగియే. ఈ సంగతి ఎందరికి తెలుసునని బస్సులో అడిగితే ఇద్దరు మాత్రమే చేతులెత్తారు.

ఉదయము మొదట పెదవేగిలో దిగాము. ఇది చాళుక్యులకంటె ముందే శాలంకాయనుల రాజధాని. వారు తమ తామ్రశాసనములలో చిత్రరథస్వామి భక్తులమని చెప్పుకొన్నారు. సముద్రగుప్తుని అలహాబాదు స్తంభశాసనము వేంగి రాజైన హస్తివర్మను పేర్కొన్నది. 7వ శతాబ్దములో చీనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ వర్ణించిన ఆంధ్ర రాజధాని ఇదేనని చరిత్రకారులనేకుల అభిప్రాయము. తరువాత రాజధాని రాజమహేంద్రవరమునకు తరలిపోయినది. ఇప్పుడక్కడ మేము చూచినది తోటల నడుమ ధనమ్మదిబ్బ అనే మిట్ట, కొన్ని ఇటుకల వరుసలు. తాడేపల్లిగూడెము కుర్రవాడొకడు నిరాశతో, “ఇదేనా అయ్యగారూ?” అన్నాడు. ఆ ప్రశ్ననే మా దినమంతటికి మూలవాక్యముగా తీసుకొన్నాము.

అక్కడనుండి కామవరపుకోట మీదుగా జీలకర్రగూడెము చేరి గుంటుపల్లి కొండ ఎక్కాము. క్రీస్తు పూర్వపు శతాబ్దములలో బౌద్ధ భిక్షువులు వర్షకాలము గడపుటకు తొలిపించుకొన్న గుహలవి. గుండ్రని చైత్యములో తలయెత్తి చూస్తే పైకప్పున రాతి వాసములు! మన పూరిపాక కప్పులో కనబడే వాసములనే శిల్పులు రాతిలో చెక్కారు. లోపలి స్థూపమును తరువాతి తరములవారు శివలింగముగా కొలిచారు. ఆరాధన మారినది, కాని మనుష్యుల రాక ఆగలేదు. రాయి గనుక గుంటుపల్లి నిలిచినది. వచ్చిపోయేవారు ఉన్నారు గనుకను నిలిచినది. వేంగి ఇటుకలకు ఆ రెండును లేకపోయినవి.

సాయంకాలము ఏలూరు దాటి కొల్లేటి గట్టున నిలిచాము. క్రీ.శ. 634 నాటి ఐహోళె శాసనము రెండవ పులకేశి యుద్ధమును వర్ణిస్తూ, కునాల జలములు నెత్తుటితో ఎర్రబడినవని చెప్పుతున్నది. ఆ కునాలమే కొల్లేరని పండితులంటారు. బుడమేరు, తమ్మిలేరుల వరదను తన కడుపులో దాచుకొని, ఉప్పుటేరు గుండా మెల్లగా సముద్రమునకు విడుచు సరస్సు ఇది. చేపల చెరువులు దానిని ముక్కలు చేసినవి. 1999లో దీనిని పక్షుల అభయారణ్యముగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చారు. 2006లో అనేక చెరువుల గట్లు తెగగొట్టారు. గూడబాతులు ఇంకా వస్తున్నవి. ఆ చెరువులమీదనే బ్రదుకు కుటుంబములును ఉన్నవి. వారి కూటిని మరచి సరస్సును గూర్చి మాట్లాడుట న్యాయము కాదు. అయితే సరస్సే పోయిన దినమున ఆ కూడును పోవును.

ఇక మన ఇంటి సంగతి. 1841లో నోబుల్, ఫాక్స్ దొరగార్లు మచిలీపట్టణములో దిగారు. 1854లో ఏలూరులో మిషను పని ఆరంభమైనది. దొరగార్ల పేర్లు పుస్తకములలో భద్రముగా ఉన్నవి. కాని పల్లెపల్లెకు నడచి వెళ్లిన మన ఉపదేశకుల పేర్లు, బైబిలు స్త్రీల పేర్లు, మొదట బాప్తిస్మము పొందిన కూలివారి పేర్లు ఎక్కడ ఉన్నవి? చాలవరకు పాత రిజిష్టరులలోనే. వాటిని చెదలు తినినయెడల, రేపు మన మనుమలు మన దేవాలయముల ముందు నిలిచి “ఇదేనా?” అంటారు. వారికి జవాబు చెప్పుటకు ఒక్క కాగితమైనను మిగలదు.

కనుక యౌవనస్థులారా, ఈ శతవత్సరమున మూడు పనులు చేయుడి. మీ సంఘపు పాత రిజిష్టరులలోని ప్రతి పేజీని మీ చేతిలోని ఫోనుతో ఫొటో తీసి ఉంచుడి. 80 దాటిన మీ నాయనమ్మల, తాతయ్యల మాటలను వారుండగానే వ్రాసికొనుడి. ఏటేటా సండేస్కూలు పిల్లలను పెదవేగికి, గుంటుపల్లికి, కొల్లేటికి తీసికొనిపొండి. దూరదేశపు పట్టణములను చూడవద్దని మేము చెప్పము. చూడుడి, సంతోషించుడి. అయితే అక్కడివారు మీ ఊరేదని అడిగినప్పుడు చెప్పుటకు మీయొద్ద ఒక కథ ఉండవలెను.

దేవుడు మిమ్మును ఆశీర్వదించును గాక.