ఇంట్లో అచ్చు అద్దకం

పర్చూరు చుట్టూ పత్తి చేలు, పక్కనే చీరాల మగ్గాలు. నూలు గుడ్డకు మనకు కొదవ లేదు. దానిమీద పువ్వు పూయించే విద్య మాత్రం కృష్ణా జిల్లా పెడన వాళ్లను చూసి నేర్చుకోవాలి. వాళ్ల పనికి మచిలీపట్నం కలంకారీ అని పేరున్నా, అక్కడ పనిచేసేది టేకు చెక్క అచ్చులే. కలంతో గీసేది శ్రీకాళహస్తి వాళ్లు.

నలుపు ఒక్కటి ఇంట్లో చేసి చూడండి. తుప్పు పట్టిన మేకులు, బెల్లం, నీళ్లు కుండలో వేసి రెండు మూడు వారాలు ఊరనివ్వండి. వడకట్టి తుమ్మబంక కలపండి. ఈలోగా గుడ్డను ఉతికి గంజి వదిలించి, కరక్కాయ పొడి నీళ్లలో నానబెట్టి ఎండలో ఆరేయండి. ఈ పని మానేశారంటే నలుపు రాదు. కరక్కాయలోని వగరు, ఇనుముతో కలిస్తేనే ఆ రంగు పుడుతుంది.

బల్లమీద పాత దుప్పట్లు నాలుగు మడతలు పరవండి. అచ్చును రంగు మెత్తకు తేలిగ్గా తాకించి, గుడ్డమీద నిలువుగా ఆనించి, పిడికిలితో ఒక్క దెబ్బ వేయండి. మొదట ముద్ర బూడిద రంగులో పడుతుంది. చూస్తుండగానే నల్లబడుతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు.

రెండో ముద్ర మొదటిదాని అంచుకు సరిగ్గా అతకాలి. చెయ్యి తిరగాల్సింది అక్కడే. ఎరుపుకు పటిక, మంజిష్ఠ, పెద్ద డేగిసా కావాలి. అది తర్వాత చూద్దాం. టేకు అచ్చు లేకపోతే బెండకాయను అడ్డంగా కోసి అద్దండి, అయిదు రేకుల పువ్వు పడుతుంది. రంగుకు వాడిన గిన్నెలు మాత్రం మళ్లీ వంటకు వాడకండి.