క్రేను క్రింద నిలుచు మనిషి



1933 అక్టోబరు 7వ తేదీన 'జలదుర్గ' అను ఓడ విశాఖపట్టణపు రేవులో ప్రవేశించినది. 1948 మార్చిలో ఇచ్చటి ఓడల కర్మాగారమున నిర్మించిన 'జల ఉష' నీటిలోనికి దిగినది. 1971లో ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగినది. ఈ మూడు చోట్లను బరువులెత్తు పని నిత్యకృత్యము. మన యిండ్లనుండి ఉదయము క్యారేజీ పట్టుకొని వెళ్ళినవారిలో ఎందరో క్రేను నీడనే దినము గడపుదురు. కావున ఈ ప్రసంగము ఇంజనీర్లకు మాత్రమే ఉద్దేశింపబడినది కాదు.

2020 ఆగస్టు 1వ తేదీన హిందూస్తాన్ షిప్‌యార్డు జెట్టీపై 70 టన్నుల క్రేనొకటి భార పరీక్ష జరుగుచుండగా కూలి 11 మంది ప్రాణములు కోల్పోయిరి. అది జెట్టీ క్రేను; మొబైల్ క్రేను కాదు. ఐనను రెంటికిని వర్తించు పాఠమొకటి కలదు. పరీక్ష యనగా అదియు బరువెత్తుటయే. యంత్రపు బలము ఇంకను రుజువు కాని సమయమది. కావున పరీక్షకు అత్యవసరమైనవారు తప్ప మరియెవ్వరును ఆ దరిదాపుల నుండరాదు.

మొబైల్ క్రేను ఏల ఒరుగును? ఏతము చూచినవారికి ఇది సులభముగా బోధపడును. ఏతపు మ్రానుపై నడచువాని బరువు మారదు. కాని ఇరుసునకు దూరమైన కొలది వాని త్రొక్కుడు బలము హెచ్చును. క్రేను సంగతియు నిట్టిదే. 4 మీటర్ల దూరమున వ్రేలాడు 5 టన్నులు బండిని ఎంతగా ఒరగద్రోయునో, 8 మీటర్ల దూరమున రెండున్నర టన్నులే అంతగా ఒరగద్రోయును. చాచిన చేయి బరువు దీనికి తోడగును. కనుక 20 టన్నుల క్రేను అను పేరును నమ్మి ఎల్లప్పుడును 20 టన్నులు ఎత్తబూనరాదు. ఏ దూరమున ఎంత ఎత్తవచ్చునో తెలుపు పట్టిక డ్రైవరు కన్నులయెదుట నుండవలయును.

ప్రతి దినము పని మొదలిడుటకు ముందు చూడవలసినవి కొన్ని కలవు. మొదట నేల. పూడ్చిన మట్టి, మూసిన కాలువ క్రేను కాలి క్రింద కుంగవచ్చును. ఇరుప్రక్కల ఇనుప కాళ్ళను పూర్తిగా చాచి, వాని క్రింద గట్టి దిమ్మలు వేయవలెను. తరువాత ఉక్కు త్రాడు. మన సముద్రపు ఉప్పుగాలికి పైన గ్రీజు మెరయుచున్నను లోపల త్రుప్పు పట్టవచ్చును. తెగిన తీగలను వెదకవలెను. కొక్కెము నోరు సాగినదా, పగులు కలదా, నాలుక సరిగా మూసికొనుచున్నదా యని చూడవలెను. బరువును నేలనుండి కొంచెము ఎత్తి నిలిపి, బ్రేకు పట్టు తెలిసికొనవలెను. భారసూచిక మోగుచున్నదని దాని తీగ ఊడదీయుట, కాపలాదారుని గొంతు నొక్కుటయే యగును. పైన విద్యుత్తు తీగలున్నవేమో, గాలి హెచ్చినదేమో గమనింపవలెను.

బరువులెత్తు యంత్రములను, గొలుసులను, త్రాళ్ళను కనీసము 12 నెలలకొకసారి సమర్థుడైన వ్యక్తి క్షుణ్ణముగా పరీక్షింపవలెనని, నిర్ణీత భారమును మించి ఎత్తరాదని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము శాసించినది. రేవు కార్మికుల రక్షణకై 1986లో వేరొక చట్టము వచ్చినది. ఈ రెంటిని ఒక్కటిగా చేర్చుచు 2020లో పార్లమెంటు కొత్త స్మృతిని ఆమోదించినది. చట్టము పేరు ఏదైనను ఒక విషయము మరువరాదు. సర్టిఫికెట్టు తెలుపునది పరీక్ష జరిగిన నాటి స్థితిని మాత్రమే. నిన్న తెగిన తీగ దానిలో కానరాదు.

దానిని చూడగలవాడు దగ్గరనుండు డ్రైవరో, కళాసీయో. ఓడ వేచియున్నదను తొందరలో యంత్రమును చూడకయే రిజిస్టరులో 'బాగున్నది' అని వ్రాయుట కలదు. అట్టివేళ "అయ్యా, ఈ త్రాడు పనికిరాదు, ఆపుడు" అని చెప్పువానిని పిరికివాడనియు, పనిదొంగ యనియు ఎగతాళి చేయరాదు. మేస్త్రీ ఆ మాట వినవలెను. యజమాని వానికి కూలి కోత లేకుండ చూడవలెను. ఆగిన పనిని మరునాడు చేసికొనవచ్చును. ఆ మాట వినకపోయినచో కలుగు నష్టము మాత్రము తీరునది కాదు.

ఈ రాత్రి మీ యింటివారు పనినుండి వచ్చినపుడు ఒక్క ప్రశ్న వేయుడు: "నేడు క్రేనును ఎవరు చూచిరి?" ఆ ప్రశ్నకు ప్రతి దినము ఒక మనిషి పేరు జవాబుగా రావలయును.