తంత్రిని మీటుటకు వ్రేలా, కోణమా?



తంత్రీవాద్యమును వ్రేళ్లతో మీటవలయునా, చేతబట్టిన సాధనముతో మీటవలయునా అను ప్రశ్న మిక్కిలి ప్రాచీనమైనది. ఏడు తంత్రులుగల చిత్రవీణను వ్రేళ్లతోను, తొమ్మిది తంత్రులుగల విపంచిని కోణముతోను వాయింపవలయునని నాట్యశాస్త్రము చెప్పుచున్నది. కోణమనగా వీణ మొదలగువానిని వాయించు సాధనమని అమరకోశమున నాట్యవర్గము చదివిన విద్యార్థులెల్లరు నెరుగుదురు. కావున రెండు మార్గములును శాస్త్రసమ్మతములే. అయినను ఒక మార్గమువారు రెండవ మార్గమువారిని చిన్నచూపు చూచుట నేటికిని మానలేదు. ఈ వివాదమును ఒక క్రొత్త వాద్యము పట్టున పరిశీలింపదలచినాను. ఆ వాద్యము పెడల్ స్టీల్ గిటారు.

ముందుగా దాని స్వరూపమును విన్నవించెదను. ఇది ఒడిలో నుంచుకొను గిటారు కాదు. నాలుగు కాళ్లపై బల్లవలె నిలిచియుండును. సాధారణముగా పది తంత్రులుండును. వాదకుడు దాని యెదుట కూర్చుండి, ఎడమచేత నున్నని ఉక్కుకడ్డీని పట్టి తంత్రులపై జార్చును. క్రింద పాదములతో త్రొక్కు పెడళ్లును, మోకాళ్లతో నెట్టు మీటలును గలవు. వానిచే కొన్ని తంత్రుల బిగువు మారి, మ్రోగుచుండగనే శ్రుతి పెరుగుటయో తగ్గుటయో జరుగును. ఇక కుడిచేతికి ఆచారసిద్ధముగా మూడు తొడుగులు: బొటనవ్రేలికొకటి, తక్కినవానిలో రెండువ్రేళ్లకు లోహపువి రెండు. వీనిని విడిచి, మాండొలినుకు వాడునట్టి చదునైన చిన్నబిళ్లతో, అనగా పిక్కుతో, ఈ వాద్యమును మీటవచ్చునా అనునదే ప్రశ్న.

జారుడువాద్యము మనకు క్రొత్తది కాదు. 13వ శతాబ్దమున శార్ఙ్గదేవుడు రచించిన సంగీతరత్నాకరమున ఏకతంత్రీవీణ వర్ణింపబడినది. దానికి మెట్లు లేవు. ఎడమచేత కమ్రిక యను వెదురుముక్కను తంత్రిపై జార్చి స్వరములు పలికింతురు. దక్షిణదేశపు గోటువాద్యము ఆ జాతిదే. హవాయి ద్వీపములలో జోసెఫ్ కెకుకు (1874–1932) అను నతడు ఉక్కుముక్కతో గిటారు తంత్రులను జార్చు పద్ధతికి ప్రచారము తెచ్చెను. ఆ హవాయి గిటారునకే అమెరికాలో పెడళ్లు చేర్చిరి. 1954లో ప్రసిద్ధికెక్కిన 'స్లోలీ' యను పాటలో బడ్ ఐజాక్స్ పెడలు త్రొక్కి పలికించిన ధ్వని పిమ్మట ఆ వాద్యమునకు మార్గదర్శకమయ్యెను. హవాయి గిటారు మన దేశమునకును వచ్చినది. బ్రిజ్‌భూషణ్ కాబ్రా దానిపై రాగములను ఆలాపించెను. విశ్వమోహన్ భట్టు దానిని మోహనవీణగా మార్చి, 1994లో గ్రామీ బహుమానమును పొందెను.

కుడిచేతి వ్యాపారము తెలియుటకు మన పొలములకంటె మంచి పాఠశాల లేదు. ప్రత్తి తీయునపుడు కూలియాడువారు వ్రేళ్లకొనలన్నియు దగ్గరచేర్చి కాయలోని దూదిని ఒక్కమారుగ లాగుదురు. మిరపకాయకు తొడిమ తీయునపుడు బొటనవ్రేలును చూపుడువ్రేలును మాత్రమే పనిచేయును. మూడు తొడుగుల వాదకునిది ప్రత్తితీత వంటి పని. అతడు దూరదూరముగ నున్న మూడు తంత్రులను ఒక్కక్షణమున మీటగలడు. పిక్కు పట్టినవానిది తొడిమతీత వంటిది. అతడు ఒకసారి ఒక తంత్రినే మీటును. లేదా ప్రక్కప్రక్కనున్నవానిని వరుసగ దువ్వును. ఇక దూదేకులవారి వింటిని తలచుకొనుడు. ఆ బిగువైన నారిని వ్రేలితో మీటినచో దూది విడదు. కొయ్యతో కొట్టినప్పుడే అది ఝంకారముతో కంపించి దూదిని విడదీయును. తంత్రికి తగిన సాధనమును, పనికి తగిన తాడనమును ఎన్నుకొనుటయే వివేకము.

ఈ చర్చ కేవలము పండితవినోదము కాదని చెప్పుటకు ఒక నిదర్శనమున్నది. పూర్వము నావద్ద చదివిన యొకడు హవాయి గిటారు నేర్చి, గ్రామములలో భజనలకును పెండ్లిండ్లకును వాయించుచుండెను. పగలు ఒక జిన్నింగుమిల్లులో పనిచేసెడివాడు. అక్కడి యంత్రములో చిక్కి అతని కుడిచేతి నడిమివ్రేలును ఉంగరపువ్రేలును కొనలు పోయినవి, చిటికెనవ్రేలు వంగదు. గాయము మానిన పిమ్మట అతడు గిటారును అమ్ముటకు బేరము కుదుర్చుకొని, నాతో ఒకమాట చెప్పుటకు వచ్చెను. "మాస్టారూ, మూడు వ్రేళ్లకు తొడుగులు లేకుండా వాయిస్తే అది వాద్యమే కాదన్నారండీ. శాస్త్రంలో అలాగే ఉందా?" అని యడిగెను.

నేను బడిపంతులనే గాని వైణికుడను కాను. అయినను శాస్త్రములో నట్లు లేదని చెప్పుటకు నాకధికారమున్నది. విపంచి కోణమును శాస్త్రమే యంగీకరించినపుడు, బొటనవ్రేలును చూపుడువ్రేలును మిగిలినవాని చేతినుండి కోణమును లాగికొనుటకు మనమెవరము? పాలకొల్లున 1969లో జన్మించి 2014లో దివంగతుడైన మాండొలిన్ శ్రీనివాస్ ఉదాహరణము కన్నులయెదుటనే యున్నది. ఆయన జంటతంత్రులను మాని అయిదు ఒంటితంత్రులు బిగించుకొని, చేత పిక్కు పట్టియే త్యాగరాజకృతులను గమకయుక్తముగ పలికించెను. ఆ కుడిచేతిలో కోణమున్నదని ఏ రసికుడును చెవులు మూసికొనలేదు.

కాని న్యాయము చెప్పవలెనన్న నష్టములను దాచరాదు. మొదటిది స్వరసమూహము. పాశ్చాత్యుల పాటలో పలుస్వరములు కూడి మ్రోగుట ప్రాణము. ఎడమెడముగ నున్న మూడు తంత్రులను ఒక్కమారు పలికించుట ఒంటి పిక్కుకు సాధ్యము కాదు. వ్రేళ్లన్నియు గలవారు పిక్కును పట్టియుండియే నడిమివ్రేలితోను ఉంగరపువ్రేలితోను తక్కిన తంత్రులను మీటి ఈ కొరతను తీర్చుకొందురు. నా శిష్యునికి ఆ యవకాశము లేదు. రెండవది తంత్రుల క్రమము. పెడల్ స్టీలున ప్రసిద్ధమైన 'ఇ నైన్త్' శ్రుతిలో మొదటి రెండు తంత్రులును మూడవదానికంటె తక్కువ స్థాయివి. దువ్వినచో స్వరములు మెట్లవలె వరుసగ రావు. మూడవది నాదనిరోధము. జారుడువాద్యమున ఒక తంత్రిని మీటి వేరొకదానికి పోవునపుడు మొదటిదానిని ఆపకున్న, కడ్డీతోపాటు అదియు జారి రెండును కలగాపులగమగును. తొడుగులవారు తొడుగునే తంత్రికి తాకించియో, అరచేతి యంచును ఆనించియో ఆపుదురు. పిక్కువాడు విశేషముగ అరచేతి యంచునే నమ్ముకొనవలయును.

ఇక లాభములు. పిక్కు క్రిందికిని మీదికిని సమానముగ మీటును గనుక ఒకే తంత్రిపై ద్రుతకాలము సుకరమగును. ప్రతి మీటును ఒకే బలముతో, ఒకే ధ్వనితో పలుకును. పైగా మన సంగీతమునకు రాగమే ప్రాణము. ఒక స్వరము వెంట నొక స్వరము నడచుటయే దాని నడక. ఆధారషడ్జము తోడున్న చాలును, స్వరసమూహము లేకున్నను కృతికి లోపము రాదు. కావున పాశ్చాత్యుని చేతిలో పెద్దదగు నష్టము మనవాని చేతిలో స్వల్పమగును.

ఈ విచారముతోనే అతని ఆరుతంత్రుల గిటారునకు మంద్రమునుండి స, ప, స, గ, ప, స అని శ్రుతి చేయించితిని. మంద్రమున మూడు తంత్రులును ప్రక్కప్రక్కనే స-ప-స అగును. అవి వీణకు తాళతంత్రులవలె పనిచేయును. పిక్కును ఒక్కసారి వానిపై దువ్వినచో ఆధారశ్రుతి నిండుగ మ్రోగును. పిదప పై తంత్రులపై రాగము నడుపవచ్చును. అతనికి చెప్పిన నియమములు నాలుగే. పిక్కు కొన కొలదిగా మాత్రమే వ్రేళ్ల వెలుపలికి కనబడవలయును. తంత్రికి నిలువుగ గ్రుచ్చక కొంచెము వాల్చి మీటవలయును. మార్దవము కావలసినచోట గుర్రమునకు దూరముగను, తీక్ష్ణత కావలసినచోట దానికి దగ్గరగను మీటవలయును. అన్నిటికంటె ముందు, మీటుటతో సమానముగ ఆపుటను సాధన చేయవలయును.

తొలిమాసములలో అరచేయి మాటవినక స్వరములు కలసిపోయెడివి. మోహనరాగమున సరళీవరుసలు మొదలిడి, విలంబమునుండి మధ్యమకాలమునకు వచ్చుటకు ఏడాది పట్టినది. ఆ గిటారు అమ్ముడు పోలేదు. ధనుర్మాసమున రామాలయపు భజనలో ఇప్పుడు అది పలుకుచున్నది. సినిమాపాటలలో స్వరసమూహములు కావలెనన్నవారు వేరొకరిని పిలుచుకొందురు. పెండ్లిబేరములు కొన్ని తగ్గినవి. ఆ మాటను దాచి పిక్కు అన్నిటికిని సమర్థమని నేను చెప్పజాలను.

పెడల్ స్టీల్ నేర్చు యువకులకు నా యభిప్రాయమిది. వ్రేళ్లు సరిగనుండి, స్వరసమూహములు ముఖ్యమైన సంగీతము వాయింపదలచినవారు తొడుగులనే అభ్యసింపవలయును. ఆ వాద్యనిర్మాణము వానికొరకే యేర్పడినది. రాగప్రధానముగ వాయించువారును, మాండొలినునుండి వచ్చి పిక్కుకు చేయి అలవడినవారును, చేతికి అంగవైకల్యము కలిగినవారును కోణమును నిస్సంకోచముగ గ్రహింపవచ్చును. గురువులకు నొక విన్నపము. శిష్యుడు తెచ్చిన చేయి ఎట్టిదో ముందు చూడుడు. దానికి తగిన సాధనమును పిదప నిర్ణయింపుడు. భరతముని చిత్రవీణకు వ్రేళ్లను, విపంచికి కోణమును విధించెనే గాని, ఒకదానిని మేలని వేరొకదానిని కీడని నిందింపలేదు. ఆ యౌదార్యము మనకును అలవడుగాక.