పెంటకుప్ప చెప్పిన పాఠం



మన పల్లెల్లో ఒకప్పుడు దాదాపు ప్రతి రైతు ఇంటికీ ఒక పెంటకుప్ప ఉండేది. పేడ, పొయ్యిలో బూడిద, వాకిలి ఊడ్చిన కసువు, తిన్న విస్తరాకులు అన్నీ అందులోకే. ఎండాకాలం రాగానే బండ్లకెత్తి పొలాలకు తోలేవాళ్లు. కుళ్లని వస్తువు అందులో పడడం అరుదు. అందుకే అది ఎరువయ్యేది.

పట్నాల్లో ఈ లెక్క తప్పింది. గాజుపెంకు, ప్లాస్టిక్ సంచి, మిగిలిన అన్నం అన్నీ ఒకే కుండీలో పడ్డాయి. వాటిని లారీకెత్తి ఊరవతల పోయడమే మునిసిపాలిటీ పని అయింది. 1993 జూన్‌లో 74వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చి, పన్నెండో షెడ్యూలులో ఘన వ్యర్థాల నిర్వహణను పట్టణ సంస్థల బాధ్యతల్లో చేర్చింది. బాధ్యత రాతలోకి వచ్చింది గాని, లారీ దారి మారలేదు.

1994 సెప్టెంబరులో, చెత్త పేరుకుపోయిన సూరత్‌లో ప్లేగు వచ్చింది. లక్షలమంది ఊరు విడిచిపోయారు. మరుసటి ఏడాది మునిసిపల్ కమిషనరుగా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు నగరాన్ని ఆరు జోన్లు చేసి, అధికారులను రోజూ వీధుల్లోకి పంపారు. రెండేళ్లు తిరగకుండానే సూరత్ దేశంలోని శుభ్రమైన నగరాల వరుసలో నిలిచింది.

వీధులు ఊడ్చవచ్చని సూరత్ చూపింది. మరి ఊడ్చిందంతా ఎక్కడికి పోవాలి? ఈ ప్రశ్నతో 1996లో పర్యావరణ కార్యకర్త అల్మిత్రా పటేల్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ కేసు నడుస్తుండగానే 2000లో కేంద్రం చెత్త నిర్వహణకు నియమాలు తెచ్చింది. చెత్తను శుద్ధిచేసే ఏర్పాట్లకు 2003 డిసెంబరు 31 గడువు పెట్టింది. చాలా ఊళ్లు ఆ గడువును దాటేశాయి.

ఆ రోజుల్లోనే మన సూర్యాపేట వీధి కుండీలు తీసేసింది. ఇంటింటి నుంచీ తడి, పొడి చెత్త విడివిడిగా తీసుకుంది. తడి చెత్తతో వానపాముల ఎరువు చేసింది, పొడి చెత్త అమ్మి డబ్బు చేసుకుంది. హైదరాబాదు చెత్త మాత్రం శివారులోని జవహర్‌నగర్‌లో గుట్టై పెరిగింది. తర్వాత దానిమీద మట్టి కప్పారు, 2020లో చెత్తతో కరెంటు తీసే కేంద్రం పెట్టారు. కానీ వంటింటి తడి కలిసిన చెత్త సరిగా మండదు.

తడి, పొడి, ప్రమాదకర వ్యర్థాలను ఇంట్లోనే వేరుచేయాలని కేంద్రం 2016లో తెచ్చిన కొత్త నియమాలు చెప్పాయి. ఎందుకూ పనికిరానిదే పూడ్చే చోటికి పోవాలన్నాయి. ఇన్నేళ్ల కోర్టులు, కమిటీలు, నియమాలు తిరిగి తిరిగి పెంటకుప్ప దగ్గరికే వచ్చాయి. కలపకపోతే చాలు, చెత్తలో సగం చెత్తే కాదు.

రేపు చెత్తబండి వచ్చేసరికి తడికొకటి, పొడికొకటి రెండు బుట్టలు సిద్ధంగా ఉంచండి. మీరు వేరుచేసి ఇచ్చింది బండిలో మళ్లీ ఒకటైపోతుంటే, ఊరుకోకుండా మీ వార్డు కార్యాలయానికి వెళ్లి అడగండి.