ఎద్దుల వెంట నడిచినవాళ్ల బిడ్డలం

(సేవాలాల్ మహారాజ్ జయంతి సభలో మన సంఘం తరఫున యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



 తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ నాలుగు మాటలు ముఖ్యంగా మీ కోసమే.

జయంతి అంటే మనకు జెండా, భోగ్ భండారో, పాట, ఆట. ఏటా చేసుకుంటున్నాం, చేసుకోవాలి కూడా. ఈసారి సంఘంలో కూర్చుని ఇంకో మాట కూడా అనుకున్నాం. మన పెద్దలు ఏ పని చేసి బతికారు, ఆ పని ఎలా పోయింది, పోయాక పల్నాడులో మనం ఎలా నిలబడ్డాం, ఇవన్నీ పిల్లలకు ఒకచోట కూర్చోబెట్టి చెప్పాలని. వెల్దుర్తి, బొల్లాపల్లి, దుర్గి, మాచర్ల వైపు తాండాల నుంచి వచ్చిన మీకు ఈ కథ ముక్కలుముక్కలుగా తెలిసే ఉంటుంది. ముక్కలను కలిపి చూద్దాం.

ముందు ఒక దూరపు కథ వినండి. పసిఫిక్ సముద్రంలో ఫిజీ అని ద్వీప దేశం ఉంది. 1864 నుంచి అక్కడి పత్తి తోటలకు, తర్వాత చెరకు తోటలకు, పక్క దీవులైన సోలమన్ దీవుల నుంచి, ఇప్పుడు వనువాటు అంటున్న దీవుల నుంచి కూలీలను ఓడల్లో తెచ్చారు. ఒప్పుకుని వచ్చినవాళ్లు ఉన్నారు, మాయమాటలకు లోబడి వచ్చినవాళ్లు ఉన్నారు, బలవంతంగా ఎత్తుకొచ్చినవాళ్లూ ఉన్నారు. వీళ్లను మెలనేసియన్లు అంటారు. అలా ఫిజీకి వచ్చినవాళ్లు సుమారు 27 వేల మంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్ చెరకు తోటలకు 1863 నుంచి 1904 దాకా మరో 62 వేల మందిని తెచ్చారు. 1879 నుంచి 1916 వరకు మన దేశం నుంచి 60 వేల మందికి పైగా గిర్మిట్ కూలీలు ఫిజీకి వెళ్లారు. వాళ్లలో 1903 తర్వాత మద్రాసు రేవులో ఓడ ఎక్కిన తెలుగువాళ్లూ ఉన్నారు. అంటే ఆ దూరపు తోటల్లో మన జిల్లాల చెమట కూడా ఉంది.

గడువు తీరాక ఇంటికి పోలేక ఫిజీలోనే ఉండిపోయిన మెలనేసియన్ల మనుమలు, మునిమనుమలు ఇవాళ్టికీ ఉన్నారు. తాతలు మాట్లాడిన భాషలు వాళ్ల ఇళ్లలో చాలావరకు మాయమయ్యాయి. తరాల తరబడి ఉంటున్న నేల మీద స్థానికులకు ఉన్న హక్కు వాళ్లకు లేదు. అయినా తాతలు ఏ దీవి నుంచి వచ్చారో గుర్తుపెట్టుకుని, కూడి, పండుగ చేసుకుంటారు. ఆస్ట్రేలియాలో ఇంకో దెబ్బ తగిలింది. వీళ్లను వెనక్కి పంపేయాలని 1901లో చట్టమే చేశారు. ఎలాగో మిగిలిపోయిన కొద్దిమంది పిల్లలు పోరాడి, తొంభై ఏళ్లు దాటాక, 1994 ఆగస్టు 25న తాము ఒక ప్రత్యేక సమాజమని ప్రభుత్వం చేత గుర్తింపు పొందారు. ఆ మిగిలినవాళ్ల కూతుళ్లలో ఫెయిత్ బ్యాండ్లర్ ఒకరు. తండ్రిని 1883లో అంబ్రిమ్ దీవి నుంచి ఎత్తుకెళ్లారు. ఆమె పెద్దయ్యాక తండ్రి బతుకునే ‘వాక్వీ’ అనే పుస్తకంగా 1977లో రాసింది. కూలీ కూతురు రాయబట్టే కూలీ కథ లోకానికి తెలిసింది.

ఈ కథ ఎందుకు చెప్పామో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. మనమూ దారి వెంట వచ్చినవాళ్లమే. కాకపోతే మనల్ని ఓడ మోయలేదు. మన పెద్దలే ఎద్దుల మీద దేశం సరుకంతా మోశారు.

రోడ్లు, రైళ్లు లేని కాలంలో సముద్రపు ఒడ్డు ఉప్పు లోపలి ఊళ్లకు ఎలా చేరేది? పండిన ఊరి ధాన్యం కరువు ఊరికి ఎలా వెళ్లేది? పెరికె ఎద్దుల మీద వెళ్లేది. ఎద్దుకు రెండు పక్కలా గోనెలు, వెనుక మనిషి, తల మీద బిడ్డల మూట, ముందు నాయక్. ఇలా నడిచే గుంపునే తాండా అన్నారు. ఇవాళ తాండా అంటే ఊరు, అప్పుడు తాండా అంటే ప్రయాణం. లంబాడీ అన్న పేరు ‘లవణం’ నుంచి, బంజారా అన్న పేరు ‘వాణిజ్యం’ నుంచి వచ్చాయని పెద్దలూ పండితులూ చెబుతారు.

ఇది మన గొప్పకు మనం అల్లుకున్న కథ కాదు. పీటర్ మండీ అనే ఇంగ్లీషువాడు 1632లో ఉత్తరాదిన ప్రయాణిస్తూ ధాన్యం మోస్తున్న 14 వేల ఎద్దుల తాండాను చూసి తన దినచర్యలో రాసుకున్నాడు. అదే శతాబ్దంలో టావెర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు పది, పన్నెండు వేల ఎద్దులు ఒకేసారి కదిలి వెళ్లడం చూసి ఆశ్చర్యపోయాడు. దారి ఇరుకైనచోట ఆ గుంపు దాటేదాకా మిగతా బాటసారులు ఆగాల్సిందే. మొఘలుల దండుకు తిండి మోసింది మనవాళ్లు. 1791-92లో టిప్పు సుల్తాన్ మీదికి వెళ్లిన కారన్‌వాలిస్ సైన్యానికి గింజలు అందించినవాళ్లలోనూ మనవాళ్లు ఉన్నారు. ఇంగ్లీషువాళ్ల కాగితాల్లో ‘బ్రింజారీలు’ అని కనిపించేది మనమే. రాజులు మారారు, కత్తులు మారాయి. ఎవరు గెలిచినా అన్నం మోసింది మాత్రం ఎద్దు వెంట నడిచిన మనిషి.

మనలో కొందరు పిల్లలు ‘మనం ఫలానా రాజుల వంశం’ అని చెప్పుకోవడం ఇష్టపడతారు. తప్పేం లేదు, గోత్రాల కథలు మనకూ ఉన్నాయి. కానీ ఒక మాట. రాజు బిడ్డలమని చెబితేనే గౌరవం వస్తుందని ఎవరు చెప్పారు? ఉప్పు లేకుండా ఏ రాజు ముద్ద మింగాడు? మోసినవాడి బిడ్డలమని తలెత్తి చెప్పడం మనం నేర్చుకోవాలి.

ఇక ఆ పని ఎలా పోయిందో చూద్దాం. 1805లో మద్రాసు రాజధానిలో ఉప్పు మీద కంపెనీ గుత్తాధిపత్యం వచ్చింది. 1889లో బెజవాడ, సికింద్రాబాద్ మధ్య రైలు పట్టాలు కలిశాయి. నెలల తరబడి నడిచే దారిని రైలు ఒకటి రెండు రోజుల్లోకి తెచ్చింది. బండికి ఉన్న గిరాకీ ఎద్దుకు పోయింది. తరతరాలుగా చేసిన పని ఒకటి రెండు తరాల్లోనే చేజారింది.

పని పోయాక పేరూ పోయింది. తిరిగే మనిషిని చూస్తే తెల్ల ప్రభుత్వానికి అనుమానం. 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చింది, 1911లో దాన్ని మద్రాసు రాజధానికీ వర్తింపజేసింది. దేశంలో ఎన్నో చోట్ల బంజారాలు, మన పక్కనే ఎరుకల సోదరులు ఆ చట్టం కింద నలిగారు. పుట్టుకతోనే దొంగ అన్న ముద్ర. హాజరు వేయించుకోవడానికి పోలీసు ఠాణాకు పోవడం. నిన్నటిదాకా ఊరి ధాన్యం నమ్మి అప్పగించిన మనిషినే ఊరి బయట నిలబెట్టారు. 1952 ఆగస్టు 31న దేశమంతటా ఆ చట్టం రద్దయింది. అందుకే ఆగస్టు 31ని విముక్తి దినంగా జరుపుకుంటారు. చట్టం పోయింది గానీ, ‘లంబాడోళ్లు’ అని సాగదీసి పిలిచే గొంతులో ఆ ముద్ర ఇంకా కొంత మిగిలే ఉంది. కాలేజీలో మీలో కొందరు ఇంటిపేరు చెప్పడానికి తటపటాయించేది అందుకేనని మాకు తెలుసు.

ఎద్దులు దిగిపోయాక తాండాలు నేలకు దిగాయి. మేత ఎక్కడుంటే అక్కడ, అంటే అడవి అంచున. పల్నాడులో మన తాండాలు ఎక్కువగా నల్లమల వైపు కనిపించేది అందుకే. అక్కడా సుఖం లేదు. అడవిలో పశువు మేస్తే పుల్లరి కట్టాలన్నారు. దాన్ని ఎదిరించి మించాలపాడు కన్నెగంటి హనుమంతు 1922లో తూటాలకు బలైన సంగతి మీకు తెలిసిందే. పుల్లరి ఒక్క కులం బాధ కాదు. పశువే ఆస్తిగా ఉన్న ఇంటికి అది ఎంత బరువో వేరే చెప్పాలా?

తర్వాత సాగర్ వచ్చింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ గారు కాలువలకు నీళ్లు వదిలారు. అంత పెద్ద రాతి కట్టడం యంత్రాలతో లేవలేదు. వేలాది కూలీల తలల మీద రాయి ఎక్కి లేచింది. మీ తాండాలో ఆ పనికి వెళ్లిన తాతలు, అవ్వలు ఎవరైనా ఉన్నారేమో ఇంటికి వెళ్లి అడగండి. నీళ్లు కిందికి పారాయి. ఎగువనున్న వెల్దుర్తి, బొల్లాపల్లి మెట్ట చేలు మాత్రం వానవైపే చూస్తున్నాయి. వరికపూడిశెల ఎత్తిపోతల కోసం ఈ ప్రాంతం ఎన్ని దశాబ్దాలుగా అడుగుతోందో మీకు తెలుసు. మిరప కోతలకు, మేస్త్రీ వెంట పట్నాలకు మన ఇళ్ల నుంచి ఇప్పటికీ మూటలు కదులుతూనే ఉన్నాయి. అంటే మన కథ మ్యూజియంలో పెట్టే కథ కాదు, ఇంకా నడుస్తున్న కథ.

మరి దీన్ని ఎవరు గుర్తుపెట్టుకోవాలి? మనది పల్నాడు, జ్ఞాపకం విలువ తెలిసిన గడ్డ. కారంపూడిలో ఏటా కార్తీకంలో వీరుల ఉత్సవం జరుగుతుంది. వందల ఏళ్ల నాటి యుద్ధం ఇవాళ్టికీ మన నోట ఎందుకు నిలిచింది? వీర విద్యావంతులు తరం తర్వాత తరం పాడబట్టి. మనకూ ఢాడీలు, భాట్‌లు ఉండేవాళ్లు. ఏ గోత్రం ఎక్కడి నుంచి వచ్చిందో, ఎవరి తాత ఎవరో పాడి చెప్పేవాళ్లు. ఆ గొంతులు తగ్గిపోతున్నాయి. మనం రాసుకోకపోతే మన గురించి మిగిలేవి తెల్లదొరల దినచర్యలు, పోలీసు రికార్డులు మాత్రమే. మన గురించి మనం కాకుండా ఠాణా చెప్పడం మీకు ఇష్టమేనా?

అందుకే మీకు మూడు పనులు అప్పగిస్తున్నాం.

మొదటిది, భాష. 2011 జనగణనలో లంబాడీని మాతృభాషగా చెప్పినవాళ్లు దేశంలో 32 లక్షల మందికి పైగా. అంతమంది ఉన్నా ఆ లెక్కను హిందీ కింద కలిపేశారు. ఎనిమిదో షెడ్యూలులో మన గోర్ బోలీకి చోటు లేదు. వచ్చే జనగణనలో లెక్క రాసేవాళ్లు మీ ఇంటికి వస్తారు. మాతృభాష అడిగినప్పుడు ఇంట్లో మాట్లాడేది ఏదో అదే చెప్పండి. మొహమాటంతో తెలుగు అనో హిందీ అనో రాయించొద్దు. తెలుగు మన బడి భాష, మన ఊరి భాష, దాన్నీ ప్రేమిద్దాం. గోర్ బోలీ యాడి భాష. లిపి లేదని బాధపడొద్దు. తెలుగు లిపిలో రాయండి, చక్కగా ఇముడుతుంది. నిజామాబాద్ వైపు తాండా నుంచి వచ్చిన రమేశ్ కార్తీక్ నాయక్ తాండా కథలను ‘ఢావ్లో’ పేరుతో తెలుగులో రాసి 2024లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం అందుకున్నారు. మీ వయసువాడే. మీ చేతుల్లోనూ ఫోన్ ఉంది, కలం ఉంది.

రెండోది, ముసలివాళ్ల మాట. మీ తాండాలో అందరికన్నా పెద్దవాళ్ల దగ్గర కూర్చోండి. అనుమతి అడిగి ఫోన్‌లో రికార్డు చేయండి. తాండాకు ఆ పేరు ఎలా వచ్చింది, ముందు ఎక్కడ ఉండేవాళ్లు, ఏ దారిన వచ్చారు, నీళ్లకు ఏ బావి, ఏ వాగు, పెళ్లిలో ఏ పాట, చావులో ఏ పాట, అన్నీ అడగండి. రమావత్, బాణావత్, కేతావత్, మూడావత్, వడిత్యా అని రాసుకునే ఇంటిపేర్ల వెనుక ఉన్న గోత్రం అడగండి. ఆకలి, అప్పు, చిన్నతనపు పెళ్లిళ్లు వంటి చేదు సంగతులు చెప్పినా ఆపొద్దు, దిద్దొద్దు. తీపి మాత్రమే రాస్తే అది చరిత్ర కాదు. తేదీ, తాండా పేరు, చెప్పినవాళ్ల పేరు తప్పకుండా రాసిపెట్టండి.

మూడోది, ఆడవాళ్ల చేతిపని. పేటియా, కాంచళి, టుక్రి ఇప్పుడు వేదిక మీద డాన్సుకు అద్దెకు తెచ్చుకునే బట్టలైపోయాయి. మన అవ్వలకు అద్దం కుట్టే పద్ధతి, కుట్టుకో పేరు తెలుసు. కర్ణాటకలో సండూరు లంబాణీ ఎంబ్రాయిడరీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, అక్కడి ఆడవాళ్లకు అది జీవనాధారం కూడా అయింది. చెల్లెళ్లూ, అవ్వ దగ్గర ఒక్క కుట్టు నేర్చుకున్నా చాలు, ఆ కుట్టు ఇంకో తరం బతుకుతుంది. తమ్ముళ్లూ, ఇది ఆడపిల్లల పనే కదా అని మీరు తప్పుకోవద్దు. ఫొటో తీయడం, కుట్టు పేరు రాయడం మీ పని.

అనంతపురం జిల్లా గుత్తి వైపు పుట్టారని మనం కొలిచే సేవాలాల్ మహారాజ్ కూడా పశువుల వెంట తిరిగినవారే, భీమా నాయక్ కొడుకే. ఆయన జెండా కింద నిలబడి చెబుతున్నాం. జెండా ఎగరేయడం ఒక రోజు పని, జ్ఞాపకం నిలపడం ఏడాది పొడుగునా చేయాల్సిన పని.

వచ్చే శ్రావణంలో తీజ్‌కు మన ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లుతారు. తొమ్మిది రోజులు నీళ్లు పోస్తేనే మొలక వస్తుంది. ఆ తీజ్ నాటికి ఒక్కో తాండా నుంచి ఒక్క పెద్దమనిషి మాట, తెలుగు లిపిలో గోర్ బోలీలో రాసిన ఒక్క పేజీ మాకు పంపండి. తప్పులున్నా పర్వాలేదు. మీరు పంపిన పేజీలతోనే మన తర్వాతి సంచిక వేస్తాం. మొదటి పేజీ ఏ తాండా నుంచి వస్తుందో చూస్తాం.

జై సేవాలాల్.