ట్రాక్టర్ మనింటికొస్తదా, మనల్నే ఈడ్చుకపోతదా?

(రైతు బిడ్డల సదస్సుల చేసిన ప్రసంగ పాఠం)



మనమంత ఎవుసం ఇండ్ల నుంచి వచ్చినోళ్లమే. కొందరం నౌకరీలల్ల ఉన్నం, కొందరం హాస్టళ్లల్ల ఉన్నం. ఊర్లె అమ్మానాయినలు ఇంత చెలక, ఇంత పొలం పట్టుకొని ఉన్నరు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంల సగటు కమతం 1.08 హెక్టార్లు. మన లెక్కల దాదాపు 2 ఎకరాల 27 గుంటలు. ఎడ్లు పోయినయి, అరక కట్టేటోళ్లు దొరుకుతలేరు. అందుకే ఇంటింట ఇప్పుడు ఒక్కటే ముచ్చట: చిన్న ట్రాక్టర్ కొందామా?

బండి మంచిదే, కాదనం. 20 హార్స్‌పవర్ బండి పత్తి సాళ్లల్ల పడుతది, నల్లగొండ బత్తాయి తోటల చెట్ల నడుమ తిరుగుతది. బరువు తక్కువ, డీజిల్ తక్కువ. మహీంద్రా కంపెనీ 2023 ఆగస్టుల తెచ్చిన ‘ఓజా’ చిన్న ట్రాక్టర్లు మన జహీరాబాద్‌లనే తయారైతున్నయి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. పన్ను తగ్గింది గని, మన భూమి పెరిగిందా?

లెక్క చూద్దాం. బండి, పనిముట్లు కలిపి 5 లక్షలు అనుకుందాం. పదేండ్లు నడిస్తే ఏడాదికి 50 వేలు. మన చెలకల ఏడాదికి 40 గంటల పని ఉన్నదనుకుంటే, గంటకు 1,250 రూపాయలు. ఇందుల డీజిల్ లేదు, మిత్తి లేదు, ఇన్సూరెన్స్ లేదు, రిపేరు లేదు. అదే పది ఇండ్లు కలిసి 400 గంటలు నడిపితే గంటకు 125 రూపాయలే. బండి అదే, భూమి అదే. మారింది మనం కలిసిన తీరు!

కలిసి కొంటె కొట్లాట రాదా అని అడుగుతరు. వస్తది. తొలకరి పడంగనే అందరికీ ఒక్క రోజే బండి కావాలె. అందుకే వంతులు ముందే కాగితం మీద రాసుకోవాలె. ట్రాక్టర్‌కు గంటల మీటర్ ఉంటది. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు అంకె రాస్తే ఎవని లెక్క వానికి తేలుతది. రిపేరు పైసలు గంటకింత అని ముందే తీసి పెట్టాలె. మన చదువు ఊరికి అక్కరకొచ్చేది ఇసొంటి కాడనే.

పనిముట్ల సంగతి సుత మరువొద్దు. పెద్ద ట్రాక్టర్ రొటావేటర్ తెచ్చి చిన్న బండికి తగిలిస్తె ఇంజన్ గుంజలేదు, ఎత్తితె ముందు చక్రాలు లేస్తయి. బండికి తగ్గ వెడల్పుదే కొనాలె. ఏటా రొటావేటరే తిప్పితె పైమట్టి పొడైతది, కింద నేల గట్టిపడి నీళ్లు ఇంకవు. ఎండకాలం లోతు దుక్కికి పెద్ద బండిని కిరాయికి పిలుసుడే మేలు. ఏడాదికొక్కపారి చేసే పని కోసం లక్షలు పెట్టొద్దు.

ఇంకో మాట గట్టిగ చెప్పాలె. 2018ల నల్లగొండ, యాదాద్రి భువనగిరి జిల్లాలల్ల కూలికి పోతున్న ఆడోళ్లు ట్రాక్టర్లు కాల్వలల్ల పడి పానాలిడిసిన్రు. ట్రాలీ ఉన్నది వడ్ల బస్తాలకు, ఎరువుకు. మనుషుల కోసం కాదు. తిరిగే షాఫ్ట్‌కు తొడుగు ఉండాలె. దాని కాడికి చీర కొంగు, కండువ పోవద్దు. గట్టు ఎక్కించేటప్పుడు, కాల్వ ఒడ్డున మలిపేటప్పుడు పిలగాండ్ల చేతికి స్టీరింగ్ ఇయ్యొద్దు. చిన్న బండి గదా అనుకుంటె, బోర్ల పడ్డనాడు అది చిన్నది గాదు.

మిత్రులారా! గెట్టు కాడ జానెడు జాగ కోసం ఏండ్లకేండ్లు కోర్టుల చుట్టు తిరిగిన ఊర్లు మనయి. గెట్టుకు ఇవుతల, అవుతల ఒక్కటే బండి తిరిగే రోజు మనమే తేవాలె. వచ్చే సెలవుకు ఊరికి పోతం గదా, షోరూంకు పోకముందు గెట్టు పక్కోళ్ల ఇంటికి పోదాం. కూసొని లెక్క రాద్దాం. లెక్క కుదిరితేనే కొందాం. కుదరకుంటె కిరాయికే దున్నిపిద్దాం, దాంట్ల నామోషీ ఏం లేదు. భూమి తాకట్టు పెట్టి ఇంటి ముందట బండి నిలబెట్టుకునుడే అసలు నామోషీ!