వేడి వాయువుతో విశ్వానికి కొలబద్ద

 

చలికాలంలో రియాద్ దీపాలు దాటి ఎడారిలోకి వెళ్ళినవారు 'అల్గోల్' నక్షత్రాన్ని చూసే ఉంటారు. అరబ్బులు పెట్టిన పేరే అది: 'రఅస్ అల్ ఘూల్', దెయ్యం తల. ఆకాశంలో దానికి కొంచెం పక్కగా, మన కంటికి ఆనకుండా, పెర్సియస్ గెలాక్సీ గుచ్ఛం ఉంది. దూరం సుమారు 24 కోట్ల కాంతి సంవత్సరాలు. అందులోని గెలాక్సీల మధ్య ఖాళీగా కనిపించే చోటంతా కోట్ల డిగ్రీల వేడి గల పలచని వాయువు నిండి ఉంది. అక్కడి నక్షత్రాలన్నింటి కంటే ఆ వాయువు బరువే కొన్ని రెట్లు ఎక్కువ! అంత వేడి మీద అది ముఖ్యంగా ఎక్స్-కిరణాలను వెదజల్లుతుంది.

ఎక్స్-కిరణాలను మన వాతావరణం కిందికి రానివ్వదు (అదీ మన మంచికే). అందుకే 1960ల చివర టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రజ్ఞులు హైదరాబాదు నుంచి పెద్ద పెద్ద బెలూన్లకు పరికరాలు కట్టి పైకి పంపారు. 1999లో నాసా పంపిన 'చంద్ర' టెలిస్కోపుకు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ గారి పేరు పెట్టారు. 2015 సెప్టెంబర్ 28న మన శ్రీహరికోట నుంచే ఆస్ట్రోశాట్ వెళ్ళింది.

ఇక దూరం సంగతి. రియాద్ కింగ్‌డమ్ టవర్ ఎత్తు 302 మీటర్లు. అది ఒక డిగ్రీ కోణంలో కనిపిస్తే మనం సుమారు 17 కిలోమీటర్ల దూరంలో ఉన్నట్టు. అసలు పొడవు తెలిస్తే చాలు, కోణంతో దూరం వచ్చేస్తుంది. మరి వాయువు మేఘం అసలు పొడవు ఎవరు చెబుతారు?

ఇక్కడే నాకు బాగా నచ్చిన కిటుకు ఉంది. ఎలక్ట్రాన్ ప్రోటాన్ పక్కగా పోయినప్పుడు ఎక్స్-కిరణం పుడుతుంది. సాంద్రత రెండింతలైతే ఇవీ రెండింతలు, అవీ రెండింతలు, కలయికలు నాలుగింతలు. ఇంకో పక్క, మహావిస్ఫోటం నాటి సూక్ష్మతరంగాలు ఈ వాయువు గుండా వస్తూ ఎలక్ట్రాన్ల నుంచి కాస్త శక్తి పుచ్చుకుంటాయి. సున్యాయెవ్, జెల్దోవిచ్ అనే సోవియట్ శాస్త్రజ్ఞులు చెప్పిన సంగతి ఇది. ఇందులో సాంద్రత రెండింతలైతే ఫలితమూ రెండింతలే. సాంద్రత 2, మందం 8 అనుకోండి. మొదటి కొలత 2×2×8, అంటే 32. రెండోది 2×8, అంటే 16. పదహారును వర్గం చేసి 32తో భాగించండి: 8. సాంద్రత మాయమైంది, మందం చేతికొచ్చింది! మేఘం అడ్డంగానూ అంతే ఉంటుందనుకుంటే దూరం తేలుతుంది. ఒక్కో గుచ్ఛం గుండ్రంగా లేకపోవచ్చు గనుక చాలా గుచ్ఛాలకు సగటు తీస్తారు.

దూరానికి తోడు గుచ్ఛం మన నుంచి దూరమయ్యే వేగం తెలిస్తే విశ్వం వ్యాకోచించే రేటు వస్తుంది. 2006లో చంద్ర చూసిన 38 గుచ్ఛాలతో మెగాపార్సెక్‌కు సెకనుకు 77 కిలోమీటర్లు వచ్చింది. 2019లో యూరప్ వారి ఎక్స్‌ఎంఎం-న్యూటన్, ప్లాంక్‌లతో, 61 గుచ్ఛాలకు 67. పద్ధతి ఒకటే, జవాబులు రెండు! పై లెక్కలో నేను దాటేసిన ఉష్ణోగ్రత ఇక్కడ అడ్డుపడుతుంది. దానిలో 5 శాతం తేడా వస్తే దూరంలో దాదాపు 10 శాతం తేడా వస్తుంది. బాగా వేడి గుచ్ఛాలను చూసినప్పుడు ఎక్స్‌ఎంఎం కంటే చంద్ర ఎక్కువ ఉష్ణోగ్రత చూపుతుంది. సాఫ్ట్‌వేర్ వాళ్ళకు ఈ బాధ కొత్త కాదు: ప్రోగ్రాం సరిగానే ఉంటుంది, ఇన్‌పుట్‌తోనే తంటా.

ఇది చిల్లర తగాదా కాదు. సూపర్‌నోవాలతో కొలిస్తే 73 దగ్గర, సూక్ష్మతరంగాల నుంచి లెక్కకడితే 67 దగ్గర వస్తోంది. ఆ తేడా నిజమైతే విశ్వం గురించి మన సిద్ధాంతంలో ఏదో లోటుంది. తీర్పు చెప్పగల మూడో సాక్షి గెలాక్సీ గుచ్ఛమే కావచ్చు, దాని థర్మామీటరు సరిచేస్తే.

చంద్ర, ఎక్స్‌ఎంఎం పరిశీలనల్లో అధికభాగం ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. ఇంజనీరింగ్ చదివే మన పిల్లలు ప్రాజెక్టు కోసం వెతుకుతుంటే, ఒకే గుచ్ఛానికి రెండు టెలిస్కోపుల డేటా తీసుకుని ఉష్ణోగ్రతలు పక్కపక్కన పెట్టి చూడమనండి. ఇంట్లో ఉన్న లాప్‌టాప్ సరిపోతుంది.